బస్సు ఎప్పుడొస్తదో ఊరందరికీ తెలిసేలా: పల్లెటూరి రాకపోకలకి ఫోన్‌ని ఎట్లా వాడుకోవాలి

మా ఊరు మండల కేంద్రానికి 11 కిలోమీటర్లు, డిపో ఉన్న టౌనుకి 34. రోజుకి మూడు ట్రిప్పులు పల్లెవెలుగు వస్తది, మిగతా టైమంతా ఆటోలే దిక్కు. ఇది చదివే చాలామంది ఊళ్ళల్లో కూడా దగ్గర దగ్గర ఇదే పరిస్థితి ఉంటదని అనుకుంటున్నా. మూడేళ్ళుగా మేం ఏడెనిమిదిమందిమి కలిసి, చేతిలో ఉన్న ఫోన్లతోనే ఊరి రాకపోకల్ని కొంచెం దారిలో పెట్టాం. కొత్త బండి కొనలేదు, ఎవరి దగ్గరా చందా తీసుకోలేదు, సొంతంగా ఒక యాప్ చేయిద్దామని మొదట్లో అనుకుని మానేశాం, మానెయ్యటమే మంచిదైంది. ఎట్లా చేశామో, ఎక్కడ తప్పు చేశామో మొత్తం రాస్తున్నా, మీ ఊళ్ళో మొదలుపెడదామనుకుంటే పనికొస్తది.

ముందే ఒక మాట. ఊళ్ళో బండ్లు లేవనేది సగమే నిజం. పొద్దున 6 నుంచి 9 లోపల మా ఊరి మీదుగా టౌను వైపు పల్లెవెలుగు పోతది, నాలుగు ఆటోలు పోతయ్, పాలవ్యాను, కూరగాయల ట్రాలీ పోతయ్. అదే టైములో స్టాపు దగ్గర చింతచెట్టు కింద ముసలోళ్ళు గంటన్నర కూర్చునేవాళ్ళు, ఏది ఎప్పుడు పోతదో వాళ్ళకి తెలవదు, వాళ్ళు అక్కడ కూర్చున్నారని ఆటోవాళ్ళకి తెలవదు. ఆ కబురు అటూ ఇటూ అందించటం వరకే ఫోన్ పని, బస్సు లేని చోట ఫోన్ బస్సుని పుట్టించలేదు. కానీ ఆ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతావి ఎంతవరకు కదులుతయ్యో నేను కళ్ళారా చూశా.

ముందు రెండు వారాలు నోటుబుక్కే

గ్రూపు పెట్టటం రెండు నిమిషాల పని కాబట్టి అందరూ దానితోనే మొదలుపెడతారు, మేం కూడా అదే చేశాం, వారం తిరక్కముందే అది గుడ్‌మార్నింగ్ బొమ్మలతో నిండిపోయింది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ముందు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాం. ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఏ టైముకి పోవాలి, ఏ టైముకి తిరిగి రావాలి, వారంలో ఎన్నిసార్లు, ఇంతే. రేషన్ షాపు దగ్గర, పాలకేంద్రం దగ్గర, మంచినీళ్ళ ప్లాంటు దగ్గర నిలబడి అడిగితే ఊరు ఊరంతా నాలుగు రోజుల్లో దొరుకుతది, ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. ఆడవాళ్ళని అడగటానికి డ్వాక్రా సంఘం మీటింగు మంచి చోటు, మగవాళ్ళని అడిగితే "మాకు బండి ఉందిలే" అని పోతరు, బండి లేక ఆగిపోయే పనులన్నీ ఆడవాళ్ళకీ ముసలోళ్ళకీ పిల్లలకీ తెలుసు.

రాసింది రాసినట్టు గూగుల్ షీట్‌లో ఎక్కించండి. డిగ్రీ చదివే పిల్లల్లో ఎవరికైనా అప్పజెప్తే గంటలో చేస్తరు. ఎక్కించాక చూస్తే మాకు ఏం తెలిసిందంటే, కాలేజీ వదిలేది సాయంత్రం 4:30కి, టౌను నుంచి మా బస్సు బయల్దేరేది 4:15కి. పదిహేను నిమిషాల తేడా. ఆ పదిహేను నిమిషాల వల్ల పిల్లలు ఆఖరి పీరియడ్ వదిలేసి ఉరికేవాళ్ళు, లేకపోతే చీకటి పడ్డాక ఆటోలో వచ్చేవాళ్ళు, ఇద్దరు ఆడపిల్లల్ని ఇంట్లోవాళ్ళు ఇక వద్దని కాలేజీ మానిపించారు కూడా. ఊరంతా బస్సు లేదు బస్సు లేదు అని మొత్తుకుంటున్నాం గాని అడగాల్సింది కొత్త బస్సు కాదు, ఉన్న బస్సుకి అరగంట మార్పు. అది నోటుబుక్కు లేకుండా మాకు తెలిసేది కాదు.

ఇంకోటి, డయాలసిస్‌కి వారంలో రెండు మూడుసార్లు పోయేవాళ్ళు, బాలింతలు, సంతకి పోయే కూరగాయలోళ్ళు, వీళ్ళని విడిగా గుర్తుపెట్టి ఉంచండి. తర్వాత ఆటోల సంగతి మాట్లాడేటప్పుడు వీళ్ళ లెక్కే ముందు కావాలి.

గ్రూపు ఎట్లా ఉండాలంటే

సొంత యాప్ ఎందుకు వద్దన్నానో చెప్తా. యాప్ అంటే ప్రతి ఒక్కళ్ళూ డౌన్‌లోడ్ చెయ్యాలి, సగం ఫోన్లలో స్టోరేజ్ ఫుల్ అని వస్తది, సర్వర్‌కి నెలనెలా డబ్బు కట్టాలి, చేసినబ్బాయి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే దాన్ని చూసే దిక్కుండదు. వాట్సాప్ ఇప్పటికే అందరి దగ్గరా ఉంది, చదవటం రానివాళ్ళు వాయిస్ మెసేజ్ పెట్టగలరు వినగలరు, అదొక్కటి చాలు దాన్ని ఎంచుకోటానికి.

వాట్సాప్‌లో కమ్యూనిటీ అని ఉంటది, మామూలు గ్రూపు కాకుండా అది పెట్టండి. అందులో అనౌన్స్‌మెంట్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు, పైగా అక్కడ ఒకళ్ళ నంబరు ఇంకొకళ్ళకి కనపడదు. ఇది చిన్న విషయం కాదు. మా మొదటి గ్రూపులో ఒక ఆడపిల్ల నంబరు తీసుకుని ఎవడో రాత్రిళ్ళు ఫోన్లు చెయ్యటం మొదలుపెట్టాడు, ఆ పిల్ల గ్రూపులోంచే కాదు, కొన్నాళ్ళు ఫోన్ వాడటమే మానేసింది. ఆ తప్పు మాదే, నంబర్లు బయటపడతాయన్న ఆలోచనే మాకు రాలేదు. మీరు మొదటి రోజే జాగ్రత్త పడండి.

అడ్మిన్లు ఐదారుగురు ఉండాలి, ఒకే చోట ఉండేవాళ్ళు కాదు. బస్సు టౌనులో బయల్దేరే చోట పని చేసేవాళ్ళొకరు, మధ్యలో పెద్ద జంక్షన్ దగ్గర కొట్టు ఉన్నవాళ్ళొకరు, మన ఊరికి ముందు ఊరివాళ్ళొకరు, ఇట్లా దారి పొడుగునా మనుషులుండాలి. బస్సు బస్టాండులో కదలగానే "2 గంటల బస్సు కదిలింది" అని ఒకే లైను. జంక్షన్ దాటగానే ఇంకో లైను. అంతే, ఇంకేం అక్కర్లేదు. జంక్షన్ నుంచి మా ఊరికి 20 నిమిషాలు పడతది కాబట్టి ఆ రెండో మెసేజ్ వచ్చాక ఇంట్లోంచి బయల్దేరితే సరిపోతది. మే నెల ఎండలో ఒక ముసలావిడ స్టాపు దగ్గర గంటసేపు నిలబడే అవసరం ఆ ఒక్క లైనుతో పోయింది.

లైవ్ లొకేషన్ కూడా వాడొచ్చు. బస్సు ఎక్కిన మనిషి కమ్యూనిటీలో అందరూ రాయగలిగే మామూలు గ్రూపులో అటాచ్ గుర్తు నొక్కి, లొకేషన్‌లోకి పోయి, షేర్ లైవ్ లొకేషన్ అంటే 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు చూపిస్తది, గంట పెట్టుకుంటే చాలు. అయితే ఇది బ్యాటరీ బాగా తింటది, సిగ్నల్ లేని చోట చుక్క ఆగిపోయి బస్సు ఆగిపోయిందనుకుంటరు. మగపిల్లలు, పెద్దవాళ్ళు పెట్టటం మంచిది, ఒంటరిగా వచ్చే ఆడపిల్ల తన లొకేషన్ ఊరందరికీ చూపించాల్సిన పనిలేదు, ఇంట్లోవాళ్ళకి మటుకు పెట్టుకుంటే చాలు. డ్రైవర్‌ని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, ఆయన చేతిలో ఫోన్ ఉండకూడదు.

ట్రిప్పుల టైములన్నీ గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాసి ఉంచండి, ఆ వారం ఏదన్నా మార్పుంటే ఆ మెసేజ్ పిన్ చెయ్యండి, 30 రోజుల దాకా పైన అట్లాగే ఉంటది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ కోసం బజారుకొకళ్ళని చెప్పి పెట్టుకోవాలి, బస్సు రాదని తెలిసిన రోజు వాళ్ళు పోయి చెప్పాలి లేదా మామూలు ఫోన్‌కి కాల్ చెయ్యాలి. స్టాపు దగ్గర గోడకి నల్లరంగు వేసి సుద్దముక్క కట్టి పెట్టాం, ఆ రోజు మార్పు అక్కడ రాస్తం. పంచాయతీ మైకులో కూడా చెప్పిస్తం. ఫోన్ ఉన్నవాళ్ళకే తెలిసి లేనివాళ్ళకి తెలవకపోతే, ముందు ఎవరైతే ఇబ్బంది పడుతున్నారో వాళ్ళే మళ్ళీ ఇబ్బంది పడతరు.

ఆర్టీసీ యాప్‌లు

బస్సు ఎక్కడుందో చూపించేవి ఇవి, తెలంగాణలో గమ్యం యాప్ 2023 ఆగస్టులో వచ్చింది, ఆంధ్రాలో ఏపీఎస్‌ఆర్టీసీ లైవ్ ట్రాక్ ఉంది. టౌను నుంచి హైదరాబాద్, విజయవాడ పోయే ఎక్స్‌ప్రెస్‌లు, సూపర్ లగ్జరీలు చూసుకోటానికి బాగుంటయ్. ఊరికొచ్చే ప్రతి పల్లెవెలుగూ అందులో కనపడతదని మాత్రం అనుకోవద్దు. కనపడినా కనపడకపోయినా పైన చెప్పిన మనుషుల గొలుసు ఆపొద్దు. ఆంధ్రాలో 2025 జనవరి 30 నుంచి ప్రభుత్వ సేవల కోసం మన మిత్ర వాట్సాప్ ఉంది, 9552300009 నంబరుకి హాయ్ అని పెడితే దూరం బస్సుల టికెట్లు కూడా అందులోనే బుక్ చేసుకోవచ్చు, బస్టాండు దాకా పోనక్కర్లేదు. రైల్వే స్టేషన్ దగ్గర్లో ఉన్న ఊళ్ళవాళ్ళకి వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ తెలిసే ఉంటది, రైల్లో ఉన్నప్పుడు నెట్ లేకపోయినా సెల్ టవర్ సిగ్నల్ మీద ఎక్కడున్నామో చెప్తది.

డిపోకి ఏడుపు కాదు, లెక్క తీసుకుపోవాలి

అన్నిటికంటే నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే.

బస్సు అడగటానికి ఊరంతా ట్రాక్టర్లో పోయి దండం పెట్టి కాగితం ఇచ్చి వచ్చేవాళ్ళం. డిపో మేనేజర్ ఆ కాగితం తీసుకుని "చూస్తాం" అనేవాడు, ఆయన్నేం అనను, ఆయన టేబుల్ మీద అట్లాంటి కాగితాలు ఎన్ని ఊళ్ళవి ఉంటయ్యో. డిపో చూసేది ఓఆర్, అంటే సీట్లలో ఎంతశాతం నిండింది, ఇంకా ఈపీకే, అంటే కిలోమీటరుకి ఎంత ఆదాయం వచ్చింది. మన బాధ ఆ రెండు అంకెల్లోకి మారితేనే వాళ్ళకి పట్టుకోటానికి ఏదన్నా దొరుకుతది.

కాబట్టి షీట్‌లో ఇంకో పేజీ తెరవండి. తేదీ, ఏ ట్రిప్పు, రావాల్సిన టైము, వచ్చిన టైము, మన స్టాపులో ఎక్కినవాళ్ళు ఎంతమంది, దిగినవాళ్ళు ఎంతమంది, చోటు లేక లేదా బస్సు రాక ఆగిపోయినవాళ్ళు ఎంతమంది. రోజూ స్టాపు దగ్గర ఉండే కిరాణా కొట్టాయన ఫోన్‌లో గూగుల్ ఫామ్ పెట్టి ఇచ్చాం, ఒక్కో బస్సుకి అర నిమిషం పని. నెల రోజులు ఆగకుండా రాయాలి, సంత రోజులు, సెలవు రోజులు విడిగా గుర్తుపెట్టాలి. బస్సు రాని రోజు కూడా రాయాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తరు, రాని రోజు లెక్కే అన్నిటికంటే ముఖ్యం.

ఇక టికెట్ సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చాక ఆడవాళ్ళకి పల్లెవెలుగులో ఛార్జీ లేదు. ఛార్జీ లేదు కదా అని కొంతమంది జీరో టికెట్ తీసుకోకుండా కూర్చుంటున్నారు, రష్‌లో కండక్టర్ కూడా ఒక్కోసారి వదిలేస్తడు. అట్లా చెయ్యొద్దు. ఆ జీరో టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బులిస్తది, టికెట్ కొట్టకపోతే మీరు ఆ బస్సు ఎక్కనట్టే లెక్క. ఇంకో సూక్ష్మం ఉంది, టికెట్ ఏ స్టేజీ నుంచి కొట్టారో చూసుకోండి. మనం ఎక్కింది మన ఊళ్ళో, మిషన్‌లో స్టేజీ మార్చక ముందు ఊరి పేరుతో టికెట్ వస్తే మన ఊరి లెక్క ఆ ఊరి ఖాతాలో పడతది. "అన్నా, మా ఊరి స్టేజీ కొట్టు" అని మర్యాదగా అడిగితే ఏ కండక్టరూ కాదనడు. ఇది మా గ్రూపులో నెలకోసారి వాయిస్ మెసేజ్ పెట్టి గుర్తుచేస్తం.

నెల అయ్యాక ఒక్క పేజీ అర్జీ రాయండి. ఏం అడుగుతున్నారో మొదటి లైనులోనే ఉండాలి, "4:15 ట్రిప్పును 4:45కి మార్చగలరు" అంతే. దాని కింద నెల లెక్క, ఆ టైముకి కాలేజీ నుంచి వచ్చే పిల్లలు ఎంతమంది, కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చిన టైముల కాగితం. కొత్త బస్సు అడిగితే డిపోకి బండి కావాలి, డ్రైవరు కావాలి, కండక్టరు కావాలి, టైము మార్చమంటే కాగితం మీద పని, అందుకే చిన్నది ముందు అడగండి. తెలంగాణలో 2023 మే నుంచి విలేజ్ బస్ ఆఫీసర్లని పెట్టారు, ఊళ్ళకి ఆర్టీసీ డ్రైవర్లనో కండక్టర్లనో బాధ్యులుగా వేశారు, మీ ఊరికి ఎవరో డిపోలో కనుక్కుని ఆయన్ని గ్రూపులో చేర్చుకోండి. ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం ప్రజావాణిలోనో, ఆంధ్రాలో అయితే కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనో ఇచ్చి ఆ అర్జీ నంబరు గ్రూపులో పెట్టండి, అందరికీ తెలుస్తది ఎక్కడిదాకా వచ్చిందో. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఆ రూటులో నెలకి ఎన్ని ట్రిప్పులు తిరగాలి, ఎన్ని తిరిగాయి అని అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మాకు అంతదూరం పోవాల్సిన అవసరం రాలేదు, రెండో నెలలో టైము మారింది.

రంగారెడ్డి జిల్లా చీదేడు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటది. 2021లో, కరోనా టైములో ఆగిపోయిన బస్సు మళ్ళీ రాకపోతే ఎనిమిదో తరగతి చదివే పాప అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ గారికే ఉత్తరం రాసింది, బస్సు వచ్చింది. ఆ పాప ధైర్యానికి చెయ్యెత్తి దండం పెట్టాలి. కాకపోతే ప్రతి ఊరి పాపా ఢిల్లీకి ఉత్తరం రాసే పరిస్థితి ఉండకూడదు కదా, అందుకే ఈ లెక్కలన్నీ పెద్దవాళ్ళం మనం రాసిపెట్టుకోవాలి.

ఆటోలు

ఆటోవాళ్ళని శత్రువుల్లాగా చూసి మొదలుపెడితే ఏదీ జరగదు. వాళ్ళ కష్టం ఏంటంటే, సీట్లు నిండేదాకా స్టాండులో పడి ఉండాలి, తిరుగు ప్రయాణం ఖాళీగా రావాలి. అందుకే కుక్కి ఎక్కిస్తరు. మేం వాళ్ళతో కూర్చుని మాట్లాడి పొద్దున 7:15కి ఒకటి, 8:30కి ఒకటి, నిండినా నిండకపోయినా కదిలేలా ఒప్పించాం, వంతులవారీగా. దానికి బదులు మేం ఇచ్చిందేంటంటే, ముందు రోజు రాత్రి 8 గంటలకి ఆటోల గ్రూపులో పోల్ పెడతం, "రేపు 7:15కి ఎవరెవరు" అని. నాలుగు ఓట్లు పడ్డయ్యంటే ఆటో అన్నకి డీజిల్ ఖర్చు వస్తదని ముందే తెలుస్తది. ఓటేసి రాకపోతే ఛార్జీ కట్టాలి, ఇది మొదటి రోజే తేల్చుకోండి, లేకపోతే పది రోజుల్లో వాళ్ళు నమ్మటం మానేస్తరు. మాకు ఒకసారి అట్లాగే చెడిపోయింది, మళ్ళీ కుదర్చటానికి రెండు నెలలు పట్టింది.

డయాలసిస్‌కి పోయేవాళ్ళ రోజులు ముందే తెలుసు కాబట్టి వాళ్ళకి నెలకి సరిపడా ఒకే ఆటో మాట్లాడండి, ఇద్దరు ముగ్గురు కలిస్తే ఒక్కొక్కళ్ళకి చాలా తగ్గుతది.

స్కూలు పిల్లల ఆటో మాట్లాడేటప్పుడు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉందా లేదా చూపిస్తది. లేదని వస్తే గొడవ పెట్టుకోవద్దు, కట్టించుకుని రమ్మనండి. తెల్ల నంబరు ప్లేటు కార్లలో డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోటం, కూరగాయల ట్రాలీలో మనుషులు ఎక్కటం మాత్రం గ్రూపులో రానివ్వొద్దు. పర్మిట్ లేని బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు, ఆ కుటుంబం రోడ్డున పడతది.

చిల్లర గొడవకి ఫోన్‌పే, గూగుల్‌పే ఉండనే ఉన్నయ్. యూపీఐ లైట్ పెట్టుకుంటే పిన్ కొట్టే పని లేకుండా చిన్న మొత్తాలు తొందరగా పోతయ్. బటన్ ఫోన్ వాళ్ళకి యూపీఐ 123పే ఉంది గాని నిజం చెప్పాలంటే మా ఊళ్ళో ఎవరూ వాడట్లేదు, వాళ్ళు నోట్లే ఇస్తరు, వాళ్ళని బలవంతపెట్టొద్దు.

మ్యాప్‌లో ఊరు ఉందో లేదో చూడండి

ఈ పని ఇవాళే చెయ్యొచ్చు, ప్రాణం మీదికొచ్చినప్పుడు దీని విలువ తెలుస్తది. మా మేనత్తకి ఒక రాత్రి గుండెల్లో నొప్పి వస్తే అంబులెన్స్‌కి ఫోన్ చేసి కంగారులో ఊరి పేరు ఒక్కటే చెప్పాం, మండలం చెప్పలేదు. జిల్లాలో అదే పేరుతో ఇంకో ఊరు ఉంది. బండి అటు పోయింది. అత్త బతికింది, కానీ ఆ నలభై నిమిషాలు మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

ఆ తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇల్లిల్లూ తిరిగి టీవీ పక్కన అంటించాం: జిల్లా, మండలం, ఊరు, ఏ రోడ్డు మీద ఏ జంక్షన్ దగ్గర తిరగాలి, ఊళ్ళోకొచ్చాక గుర్తు ఏంటి, చివర్లో 108. ఫోన్ చేసినవాళ్ళు ఆ కాగితం చూసి చదవటమే. ఇంకొకళ్ళు వెంటనే బండి తీసుకుని జంక్షన్ దగ్గరికి పోయి నిలబడాలి. 108 పైలట్, అంటే అంబులెన్స్ డ్రైవరు, తిరిగి ఫోన్ చేస్తడు, ఆ ఫోన్ ఎత్తకుండా ఇంకో పదిమందికి కాల్స్ చేసి లైన్ బిజీ పెట్టొద్దు. పైలట్‌తో మాట్లాడేటప్పుడే లొకేషన్ పంపించమంటరా అని అడిగి వాట్సాప్‌లో పెట్టండి.

గూగుల్ మ్యాప్స్‌లో మీ ఇంటి మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే పిన్ పడతది, కింద ప్లస్ కోడ్ అని వస్తది, అక్షరాలో అంకెలో నాలుగు, ఒక ప్లస్ గుర్తు, ఇంకో రెండు మూడు, పక్కన ఊరో టౌనో పేరు. ఇంటి నంబర్లు సరిగ్గా లేని తండాలకి, చెలకల్లో ఉండే ఇళ్ళకి అదే చిరునామా. ఆ కాగితం మీద దాన్ని కూడా రాయండి. ఊరి స్టాపు, పీహెచ్‌సీ, స్కూలు, పాలకేంద్రం మ్యాప్‌లో లేకపోతే యాడ్ ఎ మిస్సింగ్ ప్లేస్ నొక్కి ఫోటోతో పెట్టండి. రోడ్డే తప్పుగా ఉంటే ఎడిట్ ద మ్యాప్ లోకి పోయి సరిచెయ్యొచ్చు, వాళ్ళు చూసి ఒప్పుకోటానికి కొన్ని రోజులు పడతది, ఒక్కోసారి తిప్పి కొడతరు, మళ్ళీ పెట్టాలి. వీలైతే ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా పెట్టండి, ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది, నడుస్తూ పోతుంటే "ఈ రోడ్డు మట్టిదా తారుదా" అని అడుగుతది, జవాబిస్తే చాలు. మా పదో తరగతి పిల్లలు రెండు ఆదివారాల్లో ఊరి దారులన్నీ ఎక్కించేశారు, వాళ్ళ ఉత్సాహం చూసి నాకు కళ్ళు చెమర్చినయ్. మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకోటం మర్చిపోవద్దు.

రోడ్డు బాగాలేకపోతే ముందు అది ఎవరి రోడ్డో తెలుసుకోండి, పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా, పీఎంజీఎస్‌వై అనే కేంద్రం గ్రామీణ రోడ్ల పథకందా. పీఎంజీఎస్‌వై అయితే రోడ్డు మొదట్లో బోర్డు ఉంటది, పని ఎప్పుడయ్యిందో చూడండి, ఐదేళ్ళ దాకా ఆ కాంట్రాక్టరే మరమ్మతు చెయ్యాలి. మేరీ సడక్ యాప్‌లో ఫోటో తీసి ఫిర్యాదు పెట్టొచ్చు. మిగతా రోడ్లకి జీపీఎస్ మ్యాప్ కెమెరాతో ఫోటో తీస్తే అక్షాంశ రేఖాంశాలు, తేదీ ఫోటో మీదే పడతయ్, అర్జీకి అది జతచెయ్యండి. అసలు దారే లేని ఏజెన్సీ ఊళ్ళల్లో, పాడేరు వైపు ఇంకా డోలీ మోతలు తప్పని చోట్ల, నడిచే దారిని ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్‌గా రికార్డు చేసి ఎంత దూరం, ఎన్ని వాగులు, ఎన్ని ఇళ్ళు అని ఐటీడీఏకి, అంటే గిరిజనాభివృద్ధి సంస్థకి, ఇవ్వటం వరకు మన చేతిలో ఉంది. రోడ్డు వెయ్యాల్సింది మాత్రం ప్రభుత్వమే, దానికి ఏ యాప్ బదులు రాదు.

సరుకు

నాలుగు బస్తాల మిర్చికి ఒక ట్రాలీ ఆటో మాట్లాడితే లాభం కిరాయికే పోతది. రైతుల గ్రూపులో "గురువారం ఖమ్మం యార్డుకి, 20 బస్తాల చోటు ఉంది" అని పెడితే ముగ్గురు నలుగురు కలుస్తరు, కిరాయి బస్తాల లెక్కన పంచుకోవచ్చు. ఎవరి బస్తాల మీద వాళ్ళ పేరు, నంబరు రాసి ఎక్కించే ముందు ఫోటో తీసి పెట్టండి, దింపాక తక్‌పట్టీ, అంటే యార్డులో అమ్మకానికి ఇచ్చే చీటీ, ఫోటో పెట్టండి, మాటలు పడకుండా ఉంటది. చిన్న పార్శిళ్ళకి ఆర్టీసీ కార్గో ఉంది, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకి పచ్చళ్ళు, బియ్యం మేం దాన్లోనే పంపుతున్నాం. విత్తనాలు, పైపులు, మోటారు సామాన్లకి టౌనుకి ఒక్కొక్కళ్ళు పోకుండా ఎవరు పోతే వాళ్ళు తెచ్చేలా గ్రూపులో అడిగితే వారానికి ఎన్ని ప్రయాణాలు మిగులుతయ్యో.

జాగ్రత్తలు

ఈ మధ్య ఆర్టీఓ చలానా అని ఏపీకే ఫైళ్ళు, అంటే ఫోన్‌లోకి యాప్‌ని ఎక్కించే ఫైళ్ళు, గ్రూపుల్లోకి వస్తున్నయ్. అది నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లో మెసేజ్‌లన్నీ వాళ్ళ చేతిలోకి పోయి బ్యాంకులో డబ్బు ఊడ్చేస్తరు. చలానా నిజంగా ఉందో లేదో ఈ-చలానా సైటులో బండి నంబరుతోనే చూసుకోవాలి. గ్రూపులో ఏపీకే ఏది వచ్చినా అడ్మిన్ వెంటనే తీసెయ్యాలి, పంపినవాడు తెలిసినవాడైనా సరే, వాడి ఫోన్ కూడా వాడి చేతిలో లేకపోయుండొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

స్టాపు దగ్గర ఆడపిల్లల ఫోటోలు, లెక్క కోసమైనా సరే, తియ్యొద్దు, గ్రూపులో పెట్టొద్దు. తలలు లెక్కపెట్టి అంకె రాస్తే చాలు.

ఎన్నికలప్పుడు గ్రూపులో పార్టీల పోస్టులు మొదలవుతయ్, ఆ రెండు నెలలు అడ్మిన్లు తప్ప ఎవరూ ఏదీ పంపకుండా మూసిపెట్టండి. మేం ఒకసారి మొహమాటపడి వదిలేస్తే సగంమంది వెళ్ళిపోయారు, బస్సు కబురు ఆగిపోయింది.

వర్షాకాలంలో మా దారిలో లోలెవల్ కాజ్‌వే మీదికి వాగు పొంగుతది. జూన్ రాగానే కాజ్‌వేకి అటు ఒకళ్ళు, ఇటు ఒకళ్ళు చూసి చెప్పేలా పెట్టుకుంటం, నీళ్ళు రోడ్డెక్కగానే ఫోటో, టైము, "బస్సు రాదు, ఎవరూ దాటొద్దు" అని వాయిస్. వాగు తగ్గిందని కూడా వాళ్ళే చెప్పాలి, ఎవరో ఒకళ్ళు దాటారని విని బండి దించొద్దు. డిపోకి ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఒక్కళ్ళదే, పదిమంది చేస్తే పది రకాలుగా చెప్తరు.

ఇంకోటి, డిపో టైము మార్చిన ప్రతిసారి మూడు చోట్ల మార్చాలి: గ్రూపు డిస్క్రిప్షన్, స్టాపు దగ్గర గోడ, ఇళ్ళల్లో అంటించిన బస్సు టైముల కాగితం. మూడోది అందరూ మర్చిపోతరు, మేం సంక్రాంతికీ దసరాకీ పిల్లలు ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ చేతికి కొత్త కాగితాలిచ్చి బజారు బజారుకీ పంపిస్తం.